గానుగ నూనె సీసాకు స్టాక్ ఫోటోలు వేయొచ్చా?

బుడ్డల గానుగ | అనంతపురం | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రాప్తాడు దగ్గర మాకు కట్టె గానుగ ఉంది. ఇన్నాళ్లూ క్యాన్లు పట్టుకొని వచ్చినవాళ్లకు కొలిచి పోసేవాళ్లం. ఇప్పుడు లీటరు సీసాలు, వాటికి లేబుల్, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, టౌన్లో ఒక హోర్డింగ్ అనుకుంటున్నాం.

డిజైన్ చేసే పిల్లోడు మూడు నమూనాలు పంపించాడు. మూడూ స్టాక్ ఫోటోలే, అంటే ఎవరైనా తీసుకొని వాడుకునేలా సైట్లలో ముందే తీసి పెట్టినవి. ఒకదాంట్లో చెక్క గిన్నె నిండా బుడ్డలు (వేరుశనగ కాయలు). ఇంకోదాంట్లో వంటింట్లో నవ్వుతున్న కుటుంబం. మూడోదాంట్లో తెల్లకోటు డాక్టరు, చేతిలో ఎర్రటి గుండె బొమ్మ. నాకైతే మూడూ నచ్చాయి. మా నాయన మాత్రం మొదటిది చూడగానే "ఇవి మన బుడ్డలు కాదు" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. ఎందుకు అంటే "నువ్వే చూడు" అన్నాడు.

స్టాక్ ఫోటోలతో పని కానిచ్చేద్దామా, ఫోటోగ్రాఫర్‌ను పిలిపించాలా? డబ్బు కట్టి కొనాలా, ఫ్రీ సైట్లు చాలా? బడ్జెట్ పెద్దగా లేదు.

ఫ్లెక్స్ మామ | కర్నూలు | రాత్రి 9:31

ఆ నవ్వే కుటుంబం నాకు బాగా తెలుసు నాయనా. అమ్మ, నాన్న, పాప, బాబు, అందరికీ తెల్ల చొక్కాలు, అవునా? మా ఫ్లెక్స్ ప్రింటింగ్ మిషన్ మీద వాళ్లు ప్లాట్ల వెంచర్‌కు వచ్చారు, పళ్ల ఆసుపత్రికి వచ్చారు, ఇంటర్ కాలేజీ అడ్మిషన్లకూ వచ్చారు. బళ్లారి చౌరస్తా నుంచి రాజ్‌విహార్ దాకా బండి మీద పోతే దోవ పొడుగునా పలకరిస్తారు. నూనె కూడా వాళ్లే అమ్మితే ఏ బోర్డు ఎవరిదని జనం గుర్తు పెట్టుకుంటారు?

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదులే. 2004లో అమెరికాలో డెల్, గేట్‌వే అనే రెండు కంప్యూటర్ కంపెనీలు కాలేజీలు తెరిచే సీజన్లో ఒకే అమ్మాయి ఫోటోలతో ప్రకటనలు వేసుకున్నాయి. ఒకదానికొకటి పోటీ కంపెనీలు! ఆ ఫోటోలేమో 1996లో తీసిన స్టాక్. ఆ అమ్మాయికి చివరికి 'ఎవ్రీవేర్ గర్ల్' అని పేరే పడిపోయింది.

ఏడు రోడ్ల డిజైనర్ | కడప | రాత్రి 9:50

తమ్ముడూ, ముందు మీ నాయన చెప్పింది తేల్చు. ఆ గిన్నె ఫోటో పెద్దది చేసి కాయ ఎంత పొడుగుందో, గింజలు ఎన్ని ఉన్నాయో, పొట్టు ఏ రంగో చూసి చెప్పు.

బుడ్డల గానుగ | అనంతపురం | రాత్రి 10:05

చూశానక్కా. కాయ పొడుగ్గా ఉంది, పగిలిన కాయలో మూడు గింజలు, ఒకదాంట్లో నాలుగు కూడా. పొట్టు బాగా ఎరుపు. మేం ఆడించేది కదిరి-6 రకం. పొట్టి కాయ, రెండే గింజలు, పొట్టు లేత గులాబీ. ఈ మధ్య కదిరి లేపాక్షి కూడా వస్తోంది. నాయనకు తేడా ఒక్క చూపులో తెలిసిపోయింది, నాకు డిజైన్ మీదే కన్ను ఉండి కనపడలేదు.

ఏడు రోడ్ల డిజైనర్ | కడప | రాత్రి 10:34

అదే అసలు సంగతి. ఆ ఫోటోలో ఉన్నది వాలెన్షియా రకం. ఫోటో అందంగానే ఉంటుంది, దాని తప్పేమీ లేదు. కానీ నీ సీసా మొదట కొనేది ఎవరు? అనంతపురం జిల్లాలో పుట్టి, బుడ్డలు ఒలిచి, చేలో ఊడలు దిగేటప్పుడు వాన కోసం ఆకాశం వంక చూసిన మనిషి. ఆయనకు ఎర్ర బుడ్డలు చూపించి "మన నేల బుడ్డల నూనె" అని రాస్తే నోటితో ఏమీ అనడు, సీసా మళ్లీ ర్యాక్‌లో పెట్టేస్తాడు.

నూనె ఫోటోతో ఇంకా పెద్ద చిక్కు ఉంది. స్టాక్ సైట్లలో దొరికే నూనె సీసా చూడు, దాదాపు అన్నీ రిఫైన్డ్ నూనెలే. నీళ్లంత తేటగా, లేత పసుపులో ఉంటాయి. గానుగ నూనె రంగు ముదురు, కొంచెం మబ్బుగా ఉంటుంది, రెండు రోజులు కదపకుండా పెడితే అడుగున మడ్డి చేరుతుంది. లేబుల్ మీద తేట నూనె చూపించి సీసాలో అసలైన గానుగ నూనె పోస్తే, "ఇందులో ఏదో కలిపారు" అని నీకే ఫోన్ వస్తుంది. మంచి సరుకు అమ్ముతూ కల్తీ పేరు మోయడం ఎందుకు?

నా పద్ధతి ఒకటే. దేనికైతే కొనేవాడు డబ్బు ఇస్తున్నాడో అది మనం తీసిన ఫోటోలోనే ఉండాలి. నూనె, బుడ్డలు, గానుగ, మీ ఇంటి మనుషులు. ఇవి నీ దగ్గరే ఉన్నాయి, ఏ సైట్లోనూ దొరకవు. మిగతా వాటికి స్టాక్ హాయిగా వాడుకో. తాలింపు వేస్తున్న మూకుడు, కరివేపాకు రెమ్మ, వెనక కనిపించే వంటగది గోడ, ఎండిన ఆకుల మీద వెలుగు, వంటకాల పోస్టుకు ఒక పచ్చిమిరపకాయ. కరివేపాకు ఏ ఊరిదైనా ఎవడూ అడగడు.

బెంగళూరు పార్సిల్ | కడప | రాత్రి 10:58

అక్కా, మీ మాట సగమే ఒప్పుకుంటా. నేను కడప నుంచి చెక్కలు, మామిడి తాండ్ర బెంగళూరుకు పంపిస్తుంటా. అక్కడ అపార్ట్‌మెంట్లో కూర్చొని ఫోన్లో చూసేవాళ్లకు కదిరి-6కూ వాలెన్షియాకూ తేడా ఏం తెలుస్తుంది? వాళ్లకు కావాల్సింది శుభ్రంగా, నమ్మకంగా కనిపించడం. సెల్‌ఫోన్‌తో చీకట్లో తీసిన సొంత ఫోటో కంటే మంచి స్టాక్ ఫోటో నయం. మొదట్లో స్టాక్‌తో మొదలుపెట్టి, అమ్ముడుపోతే తర్వాత షూట్ చేసుకుంటే డబ్బు మిగులుతుంది. కొత్త వ్యాపారికి షూటింగ్ ఖర్చు నెత్తిన పెట్టకండి.

ధర్మవరం పట్టు | ధర్మవరం | రాత్రి 11:15

చెక్కల సంగతి నాకు తెలియదు గానీ చీరల్లో ఆ పప్పులు ఉడకవు. సైట్లో "సిల్క్ శారీ" అని కొడితే బెనారస్, కంచి చీరలే ముందు వస్తాయి. ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు చెప్పి వేరే ఊరి చీర బొమ్మ చూపిస్తే అది ఫోటో సమస్య కాదు, మోసం. అంచు, కొంగు, బుటా ప్రతి చీరకూ మేమే తీస్తాం, మేఘం పట్టిన రోజు మేడ మీద. స్టాక్ వాడేది దీపాలు, మల్లెపూలు, ముగ్గులకు మాత్రమే.

పార్సిల్ అన్నా, బెంగళూరులో సగం మంది మన సీమ వాళ్లే కదా. వాళ్లే ముందు కనిపెడతారు.

బెంగళూరు పార్సిల్ | కడప | రాత్రి 11:20

హహ, అదీ నిజమే. కానీ కొత్తవాడు ఖర్చు తట్టుకోలేడన్న మాట దగ్గర నేను దిగిరాను.

ఉగ్గాని బజ్జి | కర్నూలు | సోమవారం ఉదయం 6:40

హోటల్ తెరిచి రాస్తున్నా. స్టాక్ సైట్లలో ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల తాలింపు) కోసం వెతికి చూడండి. పోహా వస్తుంది, బొరుగుల భేల్ వస్తుంది, ఉగ్గాని రావడం గగనం. మనం తినేవాటిలో చాలా వాటిది ఇదే గతి. ఎర్రకారం దోశ అని కొడితే మైసూర్ మసాలా దోశ వస్తుంది, సంగటి అని కొడితే ఏదో నల్లటి ముద్ద వస్తుంది. అందుకే నా ప్లేటు నేనే ఫోటో తీసుకుంటా.

పండగల సంగతి కూడా చెప్పాలి. మా వీధిలో ఒక బట్టల దుకాణం ఉగాది శుభాకాంక్షలు అని నిలువెత్తు ఫ్లెక్స్ కట్టింది. ఫోటోలో కర్రకు పట్టుబట్ట చుట్టి, పైన చెంబు బోర్లించిన గుడి. అది మరాఠీ వాళ్ల గుడీ పాడ్వా! మామిడి తోరణం లేదు, వేపపూత లేదు, పచ్చడి లేదు. వచ్చినోళ్లందరూ "ఏమప్పా, షోలాపూర్ పోయినావా" అని అడగడమే. సంక్రాంతికి తమిళుల పొంగలి కుండ పెట్టేవాళ్లు కూడా తక్కువేం లేరు.

ఏడు రోడ్ల డిజైనర్ | కడప | ఉదయం 8:15

ఉగ్గాని అన్నా, కరెక్ట్. మనుషుల ఫోటోల్లోనూ ఇదే. మన దేశపు మనుషుల ఫోటోలకంటూ ఇమేజెస్‌బజార్ లాంటి సైట్లు ఉన్నాయి, అయినా "ఇండియన్ ఫ్యామిలీ" అంటే ఎక్కువగా ఉత్తరాది ఇల్లే కనిపిస్తుంది. కొంగు కుడి భుజం మీదుగా ముందుకు వేసుకున్న అత్తగారు, పాపిట నిండా సింధూరం పెట్టుకున్న కోడలు. మన ఇళ్లలో ఇలా ఎవరుంటారు? చూసేవాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు, "మనోళ్లలాగా లేరే" అని మాత్రం అనుకుంటారు. ముఖాలు తప్పనిసరి కాకపోతే చేతులు మాత్రమే ఉన్న ఫోటో తీసుకోండి. పిండి కలిపే చేతులు, తాలింపు వేసే చేయి. గాజులు ఒకసారి చూసుకుంటే చాలు.

వెతకడంలో కూడా కిటుకు ఉంది. మొదటి పేజీలో వచ్చినవి అందరూ వాడేసినవే. మూడో పేజీ, నాలుగో పేజీ దాకా పోండి. ఒక ఫోటో నచ్చితే ఆ ఫోటోగ్రాఫర్ పేరు మీద నొక్కి అదే సిరీస్‌లోని మిగతావి చూడండి, వెలుగు, రంగు ఒకే తీరుగా ఉంటాయి. పేజీలో ఒక పోస్టు నీలంగా, ఇంకోటి పసుపుగా, మరోటి ముదురుగా ఉంటే ఎవడో అరువు తెచ్చి అతికించినట్టు తెలిసిపోతుంది. మీ సొంత ఫోటోలకూ స్టాక్ ఫోటోలకూ ఒకే కలర్ టోన్ వేస్తే ఆ అతుకు కనపడదు. వాడబోయే ఫోటోను ముందు గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో పెట్టి చూడండి. అదే ఫోటో ఇంకో నూనె కంపెనీ వాడుతోందేమో తెలుస్తుంది.

కోర్టు రోడ్డు | అనంతపురం | ఉదయం 10:02

వృత్తిరీత్యా న్యాయవాదిని. ఫోటో అందం గురించి మీరు మాట్లాడుకున్నారు, కాగితాల సంగతి నేను చెప్తాను.

స్టాక్ ఫోటో అంటే బాడుగ ఇల్లు. ఉండొచ్చు, మీ పేరు మీద రిజిస్ట్రేషన్ కాదు. రాయల్టీ ఫ్రీ అని ఉంటే ఉచితం అని అనుకోకండి, ఒకసారి కడితే వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టనక్కర్లేదు, అంతే. లైసెన్సుకు హద్దులు ఉంటాయి. షటర్‌స్టాక్, అడోబ్ స్టాక్‌లలో మామూలు లైసెన్సుతో 5 లక్షల ప్రతుల దాకా ముద్రించుకోవచ్చు. లేబుళ్లకు అది ధారాళంగా సరిపోతుంది. కానీ అదే ఫోటోను టీ షర్టు మీదో క్యాలెండర్ మీదో వేసి అమ్మాలంటే పై స్థాయి లైసెన్సు కొనాలి. "ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ" అని ఉన్న ఫోటో వార్తలకు, వ్యాసాలకు మాత్రమే, ప్రకటనకు అసలు పనికిరాదు. క్రికెటర్లు, సినిమా వాళ్లు, జాతర జనం ఉన్న ఫోటోలు ఎక్కువగా ఈ కోవలోవే.

ఫ్రీ సైట్ల గురించి. అన్‌స్ప్లాష్ లాంటి చోట వ్యాపారానికి వాడుకోవచ్చు, పేరు వేయాలన్న నిబంధన కూడా లేదు. (ఆ సైటును 2021లో గెట్టీ ఇమేజెస్ కొనేసింది, అది వేరే కథ.) అయితే ఫోటోలో గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే ఆ మనిషి సమ్మతి పత్రం, అదే మోడల్ రిలీజ్, ఉందన్న హామీ అక్కడ ఉండదు. చెట్టుకు, గిన్నెకు పర్వాలేదు, ముఖానికి జాగ్రత్త. వికీమీడియా కామన్స్ నుంచి తీసుకుంటే చాలా వాటికి ఫోటోగ్రాఫర్ పేరు, లైసెన్సు పేరు కనిపించేలా వేయాలి. గూగుల్ ఇమేజెస్‌లో కనిపించింది కదా అని తీసుకోవడం మాత్రం ఫ్రీ కిందికి రాదు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. అంత దూరం పోకుండా ముందు నోటీసు వస్తుంది, డబ్బు అడుగుతారు. ఈ రోజుల్లో ఫోటో ఎక్కడ వాడారో సాఫ్ట్‌వేరే వెతికిపెడుతుంది.

మీ డిజైనర్ తన అకౌంట్‌లో కొని ఉంటే బిల్లు, లైసెన్సు కాపీ మీ దగ్గర పెట్టుకోండి. పని అయ్యాక ఆ పిల్లోడు హైదరాబాద్ పోతాడు, నోటీసు వచ్చేది మీ షాపుకు.

ఇక మూడో నమూనా. డాక్టరు, గుండె బొమ్మ. అది వెంటనే పక్కన పెట్టండి. నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది", "గుండెకు హాయి" లాంటి మాటలు వేయకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలే చెప్తున్నాయి. మాట బదులు బొమ్మ వేసినా చూసేవాడికి చేరేది ఆ అర్థమే. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. పైగా ఆ తెల్లకోటు మనిషి మోడల్. ఆయన మీ నూనెను సిఫారసు చేస్తున్నట్టు చూపించడానికి స్టాక్ లైసెన్సే ఒప్పుకోదు.

ఫ్లెక్స్ మామ | కర్నూలు | ఉదయం 10:20

లాయర్ గారూ, మరి మూలశంక, చర్మవ్యాధుల బోర్డుల మీద ముఖాలు వేస్తారే?

కోర్టు రోడ్డు | అనంతపురం | ఉదయం 10:41

మోడల్‌కు ఆ జబ్బు ఉన్నట్టు చూపించడం పెద్ద స్టాక్ సైట్ల లైసెన్సుల్లో ఉల్లంఘన కిందికే వస్తుంది. పార్టీ ఫ్లెక్సుల మీద లబ్ధిదారు అని స్టాక్ మోడల్‌ను పెట్టడం కూడా అంతే. ఎన్నికల సీజన్లో మీ మిషన్ మీదకే వస్తాయి, మీరే చెప్పాలి.

కొత్త లాప్‌టాప్ | కడప | ఉదయం 11:30

ఇంత రాద్ధాంతం ఎందుకు? ఏఐకి చెప్తే కావాల్సిన ఫోటో చేసిస్తుంది కదా. లైసెన్సు లేదు, ఖర్చు లేదు.

ఫ్లెక్స్ మామ | కర్నూలు | ఉదయం 11:44

చేసిచ్చింది నాయనా. ఒకాయన తెచ్చాడు. పచ్చటి చెట్టు, కొమ్మల నిండా గుత్తులు గుత్తులుగా బుడ్డలు! అది అనంతపురంలో కట్టి ఉంటే రైతులు చూడ్డానికి టికెట్ పెట్టొచ్చు.

ఏడు రోడ్ల డిజైనర్ | కడప | ఉదయం 11:52

స్టాక్ సైట్లలో కూడా ఇప్పుడు ఏఐ బొమ్మలు కలిసిపోయి వస్తున్నాయి. అడోబ్ స్టాక్‌లో వాటిని తీసేసి వెతికే ఫిల్టర్ ఉంది, పంట, తిండి ఫోటోలకు అది తప్పకుండా పెట్టుకోండి.

కడప కెమెరా | కడప | మధ్యాహ్నం 2:15

పెళ్లి ఫోటోలు తీస్తాను, మూఢాల్లో ఇలాంటి సరుకుల షూట్లు. నూనె గురించి ఒక్కటి చెప్తా తమ్ముడూ, పనికొస్తుంది. ముందు నుంచి ఫ్లాష్ కొడితే గానుగ నూనె నల్లగా, మందంగా కనిపిస్తుంది. వెలుగు వెనక నుంచి రావాలి. పొద్దున ఎండ పడే కిటికీ ముందు సీసా పెట్టు. ఒక తెల్ల అట్టను సీసా ఆకారంలోనే, సీసా కంటే కొంచెం చిన్నగా కత్తిరించి, కెమెరాకు కనపడకుండా సీసా వెనక ఆనించి, కిటికీ వెలుగు దాని మీద పడేలా కాస్త వంచు. ఆ అట్ట మీద పడిన వెలుగు నూనె గుండా ముందుకొస్తుంది, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. కెమెరా పక్కన ఒక థర్మాకోల్ షీటు పట్టుకుంటే లేబుల్ మీద నీడ తగ్గుతుంది. ఇదంతా మంచి ఫోన్‌తోనూ అవుతుంది.

కింద వేయడానికి సైట్లలో "డార్క్ స్లేట్ బ్యాక్‌గ్రౌండ్" అని కొనేవాళ్లున్నారు. మన అరుగు మీద పరిచిన కడప బండ అదే కదా! తడిగుడ్డతో తుడిచి, ఆరాక దాని మీద బుడ్డలు పోసి తీయండి.

గానుగ దగ్గర రోకలి తిరిగేటప్పుడు షటర్ కొంచెం నెమ్మదిగా పెడితే రోకలి కదలిక మసకగా వస్తుంది, పక్కన నూనె తీసిన చెక్క మాత్రం స్పష్టంగా ఉంటుంది. అందులో మీ నాయన చేతులు కూడా ఉండాలి. నాకు అన్నింటికన్నా అదే ఇష్టం.

పార్సిల్ అన్న ఖర్చు గురించి అన్నాడు. ఒక పూట షూట్ చాలు. సీసా, బుడ్డలు, గానుగ, మనుషులు, ఒక్కోటి నిలువుగా, అడ్డంగా, పక్కన అక్షరాలకు ఖాళీ వదిలి తీయించుకుంటే ఏడాది పోస్టులకు సరిపోతాయి.

బుడ్డల గానుగ | అనంతపురం | మధ్యాహ్నం 2:40

అన్నా, మీరు తీసిన ఫోటోలు ఎవరివి అవుతాయి? నావా, మీవా?

కడప కెమెరా | కడప | మధ్యాహ్నం 2:48

తీసినవాడివే కదా, ఇందులో అడిగేదేముంది.

కోర్టు రోడ్డు | అనంతపురం | మధ్యాహ్నం 3:05

అడిగేదే ఉంది. డబ్బు ఇచ్చి ఒకరి కోసం ఫోటో తీయిస్తే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు తీయించుకున్నవాడే. కెమెరా తమ్ముడు తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలంటే ముందే ఒక కాగితం రాసుకోండి. ఇద్దరికీ మంచిది.

కడప కెమెరా | కడప | మధ్యాహ్నం 3:11

ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ చెప్పలేదు సార్. రేపటి నుంచి కొటేషన్ కిందే రాస్తా.

బుడ్డల గానుగ | అనంతపురం | రాత్రి 8:30

అందరికీ థ్యాంక్స్. నాయనకు డిజైనర్ అక్క రాసింది చదివి వినిపించా, "ఆమెకు తెలుసు" అన్నాడు. లేబుల్, హోర్డింగ్ సొంత ఫోటోలతో. డాక్టరు రద్దు, కుటుంబం రద్దు. ఇన్‌స్టాలో వంటల పోస్టులకు స్టాక్, బిల్లులు నా పేరు మీద. పార్సిల్ అన్నా, షూట్ అయ్యేదాకా నీ సలహా ప్రకారం పేజీని స్టాక్‌తోనే మొదలుపెడుతున్నా, సరుకు బొమ్మ లేకుండా.

రెండు డౌట్లు మిగిలాయి. ఒక ఫ్రీ సైట్లో బుడ్డ బొమ్మ వెక్టర్ (కంప్యూటర్లో గీసిన బొమ్మ) చాలా బాగుంది, దాన్ని లోగో చేసుకోవచ్చా? హోర్డింగ్ 20 అడుగులు బై 10. ఫోన్ ఫోటో సరిపోతుందా?

కోర్టు రోడ్డు | అనంతపురం | రాత్రి 8:52

లోగోకు వద్దు. స్టాక్ బొమ్మలను లోగోగా, ట్రేడ్‌మార్క్‌గా వాడటాన్ని దాదాపు అన్ని సైట్ల లైసెన్సులూ ఒప్పుకోవు, కాన్వా అనే డిజైన్ సైట్లో దొరికే బొమ్మలదీ అంతే. అదే బొమ్మ ఇంకో పదిమంది వాడుతుంటే అది మీ గుర్తు ఎలా అవుతుంది? ఎవరిచేతనైనా కొత్తగా గీయించుకొని, హక్కులు మీ పేరుకు రాయించుకోండి.

ఫ్లెక్స్ మామ | కర్నూలు | రాత్రి 9:05

హోర్డింగ్ దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 30 చుక్కలున్నా బాగానే వస్తుంది. అంటే 7200 బై 3600 పిక్సెళ్లు. ఫోన్లో అంత పెద్దది రాకపోతే కెమెరా తమ్ముడి చేత తీయించు. లేబుల్ చేతిలో పట్టుకొని చూసేది, దానికి 300 చుక్కలు కావాలి. 6 అంగుళాలు బై 4 అయితే 1800 బై 1200 పిక్సెళ్లు. ఫోన్ ఫోటో చాలు.

ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకు, నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. లేబుల్ ఫైల్ సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి), నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదిలి ఇవ్వు. నూనె పసుపు స్క్రీన్ మీద ఉన్నంత మెరుపుగా కాగితం మీద రాదు, ముందు ఒక్క లేబుల్ తీయించి సీసాకు అంటించి చూశాకే మొత్తం కొట్టించు.